స్కైరిమ్: గెలిచినా నిలవని సామ్రాజ్యం

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో ఐదో వీడియో గేమ్ స్కైరిమ్ 2011 నవంబర్‌లో వచ్చింది. అప్పటినుంచి కొన్నాళ్లు వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం, 2016లో స్పెషల్ ఎడిషన్ వస్తే దాంట్లో మొదటినుంచి ఆడటం, ఇలాగే సాగుతోంది. డ్రాగన్లను చంపడం ఎప్పుడో బోర్ కొట్టేసింది. బోర్ కొట్టనిది ఒక్కటే, ఆటలోని సామ్రాజ్యం గతి ఏమవుతుందన్న ప్రశ్న. గ్రాఫిక్స్ గురించి, కత్తిసాము గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను రాజకీయం దగ్గరే ఆగుతాను. కథలోని గుట్లు కొన్ని బయటపడతాయి, ఇంకా ఆడనివాళ్లు చూసుకోండి.

ఆట జరిగేది సామ్రాజ్యపు ఉత్తర రాజ్యమైన స్కైరిమ్‌లో, నాలుగో శకం 201లో. అంతకు రెండొందల ఏళ్ల ముందు, దీనికి ముందొచ్చిన ఆబ్లివియన్ ఆట చివర్లో, సామ్రాజ్యాన్ని ఏలిన సెప్టిమ్ వంశం అంతరించింది. ఆ తర్వాతదంతా రాజ్యాలు ఒక్కొక్కటిగా ఊడిపోవడమే. బ్లాక్ మార్ష్ విడిపోయింది. మోరోవిండ్‌ను అగ్నిపర్వతం మింగేసింది. సమర్‌సెట్, వాలెన్‌వుడ్ కలిసి ఆల్డ్‌మెరి డొమినియన్ అనే ఎల్ఫ్‌ల కూటమి అయ్యాయి, ఎల్స్‌వేర్ కూడా వాళ్ల గుప్పిట్లోకే పోయింది. 171లో మొదలైన యుద్ధంలో డొమినియన్ ఏకంగా రాజధానినే పట్టుకుంది. 175లో చక్రవర్తి రెండో టైటస్ మీడ్ దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. గెలిచినవాడు ఆ వెంటనే ఓడినవాడిలా సంతకం పెట్టాడు! అదే వైట్-గోల్డ్ కాంకోర్డాట్ ఒప్పందం: టాలోస్ దేవుడి పూజ నిషేధం, చక్రవర్తిని కాపాడే బ్లేడ్స్ దళం రద్దు, హామర్‌ఫెల్ దక్షిణ భాగంలో చాలామట్టుకు డొమినియన్‌కు అప్పగింత.

ఆ నిషేధం ఎంత డొల్లో తెలియాలంటే ఆటలో మీ దగ్గరున్న డబ్బు చూడండి. నాణెం పేరు సెప్టిమ్. దాని మీద ముఖం టైబర్ సెప్టిమ్‌ది, అంటే సామ్రాజ్యాన్ని కట్టి, పోయాక టాలోస్‌గా పూజలందుకున్నవాడిది. ఇంట్లో టాలోస్‌కు దండం పెట్టుకుంటే డొమినియన్‌ను నడిపే థాల్మోర్ వాళ్లు ఈడ్చుకెళ్తారు. అదే టాలోస్ బొమ్మ ఇచ్చి సంతలో క్యాబేజీ కొనుక్కోవచ్చు. మీడ్ వంశం గద్దెనెక్కి ఇంతకాలమైనా చెల్లుతున్నది పాత ముఖమే. సామ్రాజ్యం పాత పరపతి మీద బండి లాగుతోందని ఏ పాత్రా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇక తిరుగుబాటు. విండ్‌హెల్మ్ నగరాన్ని ఏలే ఉల్ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్, స్కైరిమ్ రాజు (హై కింగ్) టోరిగ్‌ను షౌట్ అనే మంత్రపు అరుపుతో పడగొట్టి చంపి, సామ్రాజ్యంతో తెగతెంపులంటాడు. మొదటిసారి ఆడేవాళ్లకు అటు మొగ్గాలనిపించడం సహజం, ఆట మొదట్లో హెల్గెన్‌లో మన తల నరకబోయింది సామ్రాజ్యం వాళ్లే కదా. కానీ విండ్‌హెల్మ్ గేటు దాటగానే ఇద్దరు నార్డ్‌లు (స్కైరిమ్ సొంత జాతివాళ్లు) ఒక డన్మెర్ (డార్క్ ఎల్ఫ్) స్త్రీని దబాయిస్తూ కనిపిస్తారు. బల్లిజాతి ఆర్గోనియన్లకైతే ఊళ్లోకి ప్రవేశమే లేదు, రేవు పక్కన బతకాల్సిందే. పోనీ సామ్రాజ్యం గెలిస్తే అంతా చల్లగా ఉంటుందా అంటే, రిఫ్టెన్‌లో దొంగల ముఠాకు కొమ్ముకాసే మేవెన్ బ్లాక్-బ్రయర్ జార్ల్ (పాలకురాలు) అయి కూర్చుంటుంది. ఎటు వెళ్లినా నోట్లో చేదు మిగులుతుంది. ఈ ఆటలో రాతకు నేను వేసే మార్కులు ముందు దీనికే.

థాల్మోర్ రాయబార కార్యాలయంలోకి విందు అతిథిలా దూరే క్వెస్ట్‌లో ఉల్ఫ్రిక్ మీద ఒక ఫైల్ దొరుకుతుంది. చాలామంది దాన్ని బ్యాగులో పడేసుకుని ముందుకెళ్లిపోతారు. ఆగి చదవండి. యుద్ధంలో పట్టుబడినప్పుడు తాను చెప్పిన సమాచారం వల్లే రాజధాని కూలిందని ఉల్ఫ్రిక్‌ను నమ్మించారు. నిజానికి అతను నోరు విప్పేసరికే నగరం పడిపోయింది. అసలు విషయం ఆ కిందే ఉంది: ఉల్ఫ్రిక్ పక్షమైన స్టార్మ్‌క్లోక్‌లు గెలవడం కూడా థాల్మోర్‌కు ఇష్టం లేదు. వాళ్లకు కావలసింది యుద్ధం తెగకుండా సాగడం. స్టార్మ్‌క్లోక్‌ల వైపు ఆడితే చివర్లో సామ్రాజ్య సేనాని జనరల్ టులియస్ కూడా చచ్చిపోయే ముందు ఇదే అంటాడు, ఇదంతా థాల్మోర్ కోరుకున్నదేనని. ఆ మాట విన్నాక కూడా కత్తి వేటు వేయాల్సింది మనమో, ఉల్ఫ్రికో.

అందుకే టులియస్సా, ఉల్ఫ్రిక్కా అన్న పాత గొడవ నాకిప్పుడు పెద్దగా ఎక్కదు. నా లెక్కలో జవాబు ఈ మ్యాప్‌లో లేని హామర్‌ఫెల్ దగ్గరుంది. ఒప్పందాన్ని అక్కడి జనం రెడ్‌గార్డ్‌లు ఒప్పుకోలేదు. చక్రవర్తి ఆ రాజ్యాన్నే వదులుకున్నాడు. వాళ్లు ఒంటరిగా పోరాడి, 180లో డొమినియన్ సైన్యాన్ని వెనక్కి పంపించే సంధి సాధించారు. ఒప్పందానికి ముందటి పెద్ద యుద్ధం గురించి ఆటలోనే దొరికే పుస్తకంలో ఒక ముక్క నాకు భలే ఇష్టం. సైన్యంతో రాజధానికి తిరిగి రమ్మని జనరల్ డెసియానస్‌కు ఆజ్ఞ వస్తుంది. హామర్‌ఫెల్‌ను అలా వదిలేయలేక, చాలామంది సైనికులను పనికిరానివాళ్లుగా రాయించి అక్కడే విడుదల చేస్తాడు. తర్వాత డొమినియన్‌ను ఎడారి దాటించి తరిమిన సైన్యానికి వెన్నెముక ఆ 'పనికిరానివాళ్లే'.

అంటే డొమినియన్‌ను ఆపడానికి సింహాసనం అక్కర్లేదు, ఒకరినొకరు అమ్ముకోని పొత్తు కావాలి. రాజధాని ఉన్న సిరోడీల్, దానితోపాటు హై రాక్, స్కైరిమ్, హామర్‌ఫెల్ సమాన హోదాతో కలిస్తే నిలబడతాయి, ఒకరు ఏలి ముగ్గురు కప్పం కట్టే పద్ధతిలో నిలబడవు. అయితే ఒకసారి వదిలేసినవాళ్లను హామర్‌ఫెల్ ఎందుకు నమ్మాలి? ముందు కాంకోర్డాట్‌ను చించెయ్యాలి. అది చించే చక్రవర్తి ఎవరో ఆట చెప్పదు. ప్రధాన క్వెస్ట్‌లో హై హ్రోత్‌గార్ అనే కొండమీది మఠంలో జరిగే శాంతి చర్చ ఒక్కటే ఈ ఆలోచనకు కాస్త దగ్గరికొస్తుంది. అక్కడ కూడా మొదటి రభస థాల్మోర్ రాయబారి ఎలెన్వెన్ బల్ల దగ్గర కూర్చోవచ్చా లేదా అని. ఆ తర్వాత మార్కార్త్ మాకివ్వు, రిఫ్టెన్ మాకివ్వు అన్న బేరం. ఆటలో అతి మంచి సన్నివేశం నాకు అదే. అంతర్యుద్ధాన్ని ముందే ముగించేస్తే ఆ చర్చ అసలు రాదు, కాబట్టి యుద్ధం క్వెస్ట్‌లను కాస్త ఆపి ఉంచండి.

లోపాలు చిన్నవి కావు. కోటల యుద్ధాలు మాటల్లో మహా సంగ్రామాలు, తెర మీద గుప్పెడు మంది సైనికులు, పక్కన శత్రు బలం ఎంత మిగిలిందో చూపిస్తూ తగ్గుతూ పోయే శాతం అంకె. గెలిచాక కూడా అడవుల్లో ఓడినవాళ్ల శిబిరాలు అలాగే ఉంటాయి. వీటిని ఆటగాళ్లు తయారుచేసే మోడ్స్ కొంతవరకు సర్దుతాయి. ఏ మోడ్ పెట్టినా నాకు మింగుడుపడనిది కిరాయి హంతకుల ముఠా డార్క్ బ్రదర్‌హుడ్ కథ. చక్రవర్తిని చంపించాలని వచ్చే మోటియెర్ బయానాగా ఇచ్చేది ఎల్డర్ కౌన్సిల్ సభ్యుల కోసం చేసే తాయెత్తు. అంటే కుళ్లు రాజధానిలోనే ఉంది. ఓడలో టైటస్ మీడ్ మన కోసమే ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉంటాడు. ఎదురు తిరగడు. తనను చంపమన్నవాడిని కూడా చంపమని మాత్రం అడుగుతాడు. ఇంత గొప్పగా రాసి, ఆ తర్వాత? కాపలావాళ్ల నోట అక్కడక్కడా ఒక మాట, అంతే. వారసుడి ఊసు లేదు, టులియస్ యుద్ధం ఎప్పటిలాగే నడుస్తుంది. చక్రవర్తి హత్యకు గురైన సామ్రాజ్యంలో ఇంత నిశ్శబ్దమా!

రాజకీయం కోసమే ఆడేవాళ్లకు ఇప్పటికీ కొనమనే చెబుతాను, పుస్తకాలూ ఉత్తరాలూ చదివే ఓపిక ఉంటేనే. ఈ వరుసలో ఆరో ఆటను 2018లోనే ప్రకటించారు. నా భయమంతా దాని గురించే. 1996లో వచ్చిన రెండో ఆట డ్యాగర్‌ఫాల్‌కు చాలా ముగింపులుంటే, అవన్నీ ఒకేసారి జరిగాయని తర్వాతి ఆటల్లో తేల్చేశారు. ఈ అంతర్యుద్ధానికి కూడా అదే కిటుకు వాడితే మాత్రం నేను ఒప్పుకోను.