మోకాలి మార్పిడి ప్యాకేజీల్లో మత్తు, నొప్పి మందు: దేనికెన్ని మార్కులు

హన్మకొండలో మోకాలి మార్పిడికి ఎస్టిమేట్ రాయించుకుంటే ఇంప్లాంటు గురించి బోలెడంత చెప్తారు. మత్తు సంగతి ‘అనస్థీషియా చార్జీలు’ అని ఒక్క లైనులో ముగుస్తుంది. మొదటి రెండు రాత్రులు ఎట్ల గడుస్తాయో తేలేది ఆ లైనులోనే.

నడుము కింది భాగం మొద్దుబారేలా నడుముకిచ్చే స్పైనల్ సూది, తొడకు అడక్టర్ కెనాల్ బ్లాక్ (మోకాలికెళ్లే నరాల దగ్గర ఇచ్చే మొద్దుబార్చే సూది), కుట్లకు ముందు సర్జన్ కీలు చుట్టూ ఎక్కించే మందు. ఈ మూడూ కలిపి ఇస్తే ఐదుకు నాలుగున్నర. స్పైనల్‌కు 0.5 శాతం హెవీ బుపివకైన్ అనే మత్తుమందు సాధారణంగా 2.5-3 మి.లీ. పడుతుంది. రెండు మూడు గంటలు పనిచేస్తుంది. ఆపరేషన్‌కు చాలు, రాత్రికి చాలదు. అందుకే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 15-20 మి.లీ. మందుతో బ్లాక్. గజ్జల దగ్గర ఇచ్చే పాత ఫెమొరల్ బ్లాక్ కూడా నొప్పిని ఆపుతుంది గానీ తొడ కండరం పట్టు సడలి, వాకర్‌తో లేచిన మనిషి కూలబడే ప్రమాదం ఉంది. అడక్టర్‌లో ఆ బలం చాలావరకు నిలుస్తుంది. మోకాలి వెనక నొప్పి మాత్రం దానికి అందదు. కీలు చుట్టూ మందు గానీ, మోకాలి వెనక భాగానికిచ్చే ఐప్యాక్ బ్లాక్ గానీ అందుకే.

వెన్నులో సన్నగా పెట్టి మందు ఎక్కిస్తూ ఉండే ఎపిడ్యూరల్ పైపుకు మూడే. రెండో కాలూ బరువెక్కుతుంది, బీపీ పడిపోవచ్చు, మూత్రం ఆగొచ్చు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేస్తే మాత్రం కొట్టిపారేయలేం.

చాలాచోట్ల దెబ్బతినేది బ్లాక్ దిగేటప్పుడు. ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ సుమారు 12-24 గంటల్లో వదులుతుంది, నొప్పి ఒక్కసారే ఎగదన్నుతుంది. ‘నొస్తే పిలవండి’ అనే వార్డులో అప్పటికే ఆలస్యం. పారాసెటమాల్ నొప్పి ఉన్నా లేకున్నా టైముకు పడాలి, మామూలుగా 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి. కిడ్నీ జబ్బో, కడుపులో పుండో ఉన్నోళ్లకు డైక్లోఫెనాక్ వద్దు. ట్రమడాల్‌తో వాంతులు, తల తిరగడం మామూలే. చర్మానికి అంటించే నొప్పిమందు పట్టీ, బుప్రెనార్ఫిన్ ప్యాచ్, ఆ రాత్రికి ఆదుకోదు, నిండుగా పట్టడానికి మూడు రోజులు కావచ్చు. దాని మీద కాపడం పెడితే మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. మొద్దుబారిన కాలికీ కాపడం వద్దు, కాలినా తెలియదు.

ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లను అడ్మిట్ అయిన సాయంత్రమే మత్తు డాక్టర్ చూసే ఆసుపత్రికి మార్కులు కోస్తాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతున్నట్టు అప్పుడు బయటపడితే స్పైనల్ ఇవ్వరు, ఆపరేషన్ వాయిదా. దాన్ని సాధారణంగా 5-7 రోజుల ముందు ఆపాలి, అదీ గుండె డాక్టర్ ఒప్పుకుంటేనే. కనీసం వారం ముందే మందుల చీటీ, గోళీల షీట్లు పట్టుకొని చూపించుకోవాలి. పరగడుపు లెక్క కూడా అప్పుడే రాయించుకోండి: తిండికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు. పాలు పోసిన చాయ్ తిండి కిందికే వస్తుంది.