సెల్ఫ్ మోటార్ విప్పకముందే మీటర్ పెట్టి చూసిన షాపు (విజయవాడ ఆటోనగర్)

నాది పది టైర్ల లారీ, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, ఓనరూ నేనే డ్రైవరూ నేనే. మొన్న మార్చిలో గుంటూరు మిర్చి యార్డులో లోడు కట్టించుకుని తాళం తిప్పితే టక్ టక్ టక్ అని చప్పుడే గానీ ఇంజను కదల్లేదు. పక్క లారీ ఆయన తన బ్యాటరీల నుంచి కేబుల్ తెచ్చి ప్లస్ నా ప్లస్‌కి పెట్టి, మైనస్ మాత్రం నా బ్యాటరీకి కాకుండా నేరుగా ఇంజను బాడీకి తగిలించాడు, ఒక్క దెబ్బకి స్టార్ట్ అయిపోయింది. అప్పుడు నాకు ఏమీ వెలగలేదు, బండి లేచింది చాలు అనుకున్నా.

దార్లో ఒక చోట చూపిస్తే బండి దగ్గరికి కూడా రాకుండా సెల్ఫ్ మోటార్ (ఇంజన్ని మొదట తిప్పి లేపే మోటార్) పోయింది కొత్తది వేసుకో 18,000 అన్నాడు, ఇంకోచోట బ్యాటరీలు రెండూ మార్చెయ్ అన్నారు. ఎవరి మాట వినాలో తెలీక మా బావ చెప్తే ఈ షాపుకి వచ్చా.

ఇక్కడ మేస్త్రీ పెద్దాయన, స్పానర్ పట్టుకోకముందే అడిగిన మొదటి మాట "ఎక్కడ ఆగింది బాబూ, ఎట్లా లేపారు?" అని. జరిగింది చెప్పా. "మైనస్ ఇంజను బాడీకి తగిలిస్తే లేచిందా? అయితే బండి అక్కడే చెప్పేసింది కదయ్యా, ముందు ఎర్త్ చూద్దాం" అన్నాడు. ఎర్త్ అంటే బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి కలిపే కేబుల్. ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది.

మీటర్ తెచ్చి బ్యాటరీలు చూశాడు, రెండు 12 ఓల్టులవి కలిపి 25.2 వచ్చింది, అంటే బ్యాటరీలు నిండుగా ఛార్జ్ అయి ఉన్నాయి. తర్వాత ఇంజను లేవకుండా స్టాప్ (డీజిల్ ఆపే మీట) లాగి పట్టుకోమని, మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి ఇంకో కొస మోటార్ బాడీకి పెట్టి ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టించాడు. అక్కడ అర ఓల్టు కూడా కనపడకూడదంట, నాకు 3 దాటింది. 3 ఓల్టులే కదా అనుకున్నా నేను, ఆయన లెక్క చెప్పాడు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుద్ది, 400 ఆంపియర్లు అనుకుంటే 3 ఓల్టులు పోయాయంటే 1200 వాట్లు, ఒక ఇస్త్రీ పెట్టె వేడి మొత్తం ఆ కేబుల్ కొస దగ్గరే తగలబడుతోంది అన్నమాట. చెయ్యి పెట్టి చూడమన్నాడు, నిజంగానే కాలింది. ఛాసిస్‌కి బోల్టు బిగించిన చోట రంగూ తుప్పూ పేరుకుపోయి ఉన్నాయి.

మరి టక్ టక్ ఎందుకు అని అడిగితే పని ఆపి మరీ చెప్పాడు, నాకు బాగా నచ్చింది ఇదే. మోటార్ నెత్తిన ఉండే సొలినాయిడ్‌లో (కరెంటుతో పనిచేసే అయస్కాంతం స్విచ్చి) రెండు తీగ చుట్లు ఉంటాయి, ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. తాళం తిప్పగానే రెండూ కలిసి లోపలి ఇనప కడ్డీని లాగుతాయి, దాంతో ఫోర్క్ అనే మీట కదిలి పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ముందుకెళ్ళి ఇంజనుకున్న ఫ్లైవీల్ రింగు పళ్ళల్లో కూర్చుంటుంది, అది కూర్చున్నాక కడ్డీ కొసన ఉన్న రాగి బిళ్ళ పోయి రెండు లావు బోల్టులకి ఆనుకుంటుంది, అప్పుడు గానీ అసలు కరెంటు మోటార్‌కి పోదు. ఆ క్షణం నుంచి లాగే చుట్టుకి పని లేదు, పట్టి ఉంచేది ఒక్కటే. నా బండిలో అసలు కరెంటు మోటార్‌కి చేరగానే ఎర్త్ దగ్గర ఓల్టులు పడిపోయి ఆ చుట్టుకి బలం చాలక వదిలేస్తోంది, వదలగానే ఓల్టులు మళ్ళీ పెరిగి మళ్ళీ లాగుతోంది, అదే ఆ టక్ టక్. ఇట్లా వందల సార్లు కొట్టుకుని రాగి బిళ్ళ గుంటలు పడి నల్లగా అయిపోయింది, విప్పి చూపించాడు.

విప్పాడు కదా అని మోటార్ మొత్తం చూశాడు. కరెంటు అందించే కార్బన్లు అరిగి సగానికి వచ్చేశాయి, వెనక బుష్ వదులై లోపల తిరిగే ఆర్మేచర్ చుట్టూ ఉండే పోల్ ముక్కలకి రాసుకున్న గీతలు కనపడుతున్నాయి. ఆర్మేచర్‌ని షార్ట్ పట్టే గ్రోలర్ అనే పరికరం మీద పెట్టి, రంపం బ్లేడు ఆనించి తిప్పుతూ ఎక్కడా అదరట్లేదు చూడు, చుట్లు షార్ట్ అవలేదు అన్నాడు. కార్బన్లు ఆనే కమ్యుటేటర్‌ని లేత్ మీద పల్చగా తీయించి, బుష్‌లు, కార్బన్లు, రాగి బిళ్ళ మార్చాడు. బెండిక్స్ (పినియన్ ఉండే, ఒకవైపే తిరిగే భాగం) మాత్రం మార్చలేదు, బాగానే ఉంది డబ్బులు దండగ అన్నాడు. పినియన్ చేతికిచ్చి తిప్పమన్నాడు, ఒకవైపు తిరుగుద్ది రెండోవైపు బిగుసుకుంటుంది, సైకిల్ ఫ్రీవీల్ లాగా. అది లేకపోతే ఏమయ్యేదో ఆ రోజే తెలిసింది. పినియన్‌కి 11 పళ్ళు, ఫ్లైవీల్ రింగుకి నూటికి పైనే, అందుకే ఆ చిన్న మోటార్ అంత ఇంజన్ని తిప్పగలుగుతోంది, కానీ ఇంజను లేచి 600 ఆర్‌పీఎంలో నిలబడితే పినియన్ ఆరేడు వేలు తిరుగుద్ది, ఆ స్పీడు ఆర్మేచర్‌కి చేరితే రాగి చుట్లు గూడు వదిలి బయటికి ఊడొస్తాయంట.

ఇంకో మాట కూడా చెప్పాడు, డ్రైవర్లు అందరూ వినాల్సింది. డీజిల్ ఇంజనుకి నిప్పురవ్వ వేసే ప్లగ్గు లేదు, గాలిని పదిహేడు పద్దెనిమిదో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, మెల్లగా తిరిగితే ఆ వేడి గోడల్లోకి పోతుంది, బండి లేవదు. లేవట్లేదని నిమిషం పాటు తాళం పట్టుకుని కూర్చుంటే లోపల కాయిల్ మాడిపోతుంది. పది సెకన్లు కొట్టు, లేవకపోతే రెండు నిమిషాలు ఆగు, మళ్ళీ కొట్టు. నేను ఇన్నేళ్ళు ఆ ఆగడం అనేదే చేయలేదు, మా క్లీనర్ కుర్రాడికి కూడా ఇప్పుడు అదే నేర్పించా.

మొత్తం ఖర్చు కొత్త ఎర్త్ కేబుల్‌తో కలిపి 4,600 అయింది. పాత సామాను అంతా కవర్లో పెట్టి ఇచ్చాడు, అడక్కుండానే. బిగించాక మళ్ళీ అదే చోట మీటర్ పెట్టి 0.2 చూపించి అప్పుడే డబ్బులు తీసుకున్నాడు.

బాగోలేనివి కూడా చెప్తా. పని రెండు రోజులు పట్టింది, నా ముందు ఇంకా నాలుగు మోటార్లు ఉన్నాయి, అర్జెంటు అన్నా వరస తప్పించడు. కూర్చోడానికి చోటు లేదు, మే నెలలో వెళ్తే ఆ రేకుల షెడ్డు కింద చాలా కష్టం. ఆరు నెలల గ్యారంటీ నోటిమాటే, కాయితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు, అది మాత్రం మార్చుకోవాలి, దూరం నుంచి వచ్చే వాళ్ళకి ఏదో ఒక చీటీ ఉండాలి కదా.

ఐదు నెలలైంది, లోడు మీద కూడా తెల్లారుజామున మొదటి కొట్టుడికే లేస్తోంది. నాలుగు స్టార్లు, ఆ తగ్గిన ఒక్కటీ గ్యారంటీ చీటీ గురించే. వెళ్ళేవాళ్ళు మోటార్ ఒక్కటీ విప్పి సంచిలో పట్టుకెళ్ళకండి, బండితోనే వెళ్ళండి, నా బండి జబ్బు కేబుల్లో ఉందని ఆయనకి దొరికింది బండి ఎదురుగా ఉంది కాబట్టే. ఆదివారం సెలవు.