చిన్న సెన్సర్‌కి కరెంటు: వైఫై తరంగాలా, వెలుతురా, బటన్ సెల్లా?

"రౌటర్ రోజంతా సిగ్నల్ వదులుతూనే ఉంటుంది కదన్నయ్యా, దాన్నే పట్టి దీన్ని నడపలేమా?" అన్నాడు మా తమ్ముడు. వాడి చేతిలో ఉన్నది గది వేడి కొలిచే బుల్లి బోర్డు. పది నిమిషాలకోసారి లేచి, కొలిచి, అంకె పంపి మళ్ళీ పడుకుంటుంది. సగటున దానికి కావాల్సింది 10 మైక్రోవాట్లు.

కాగితం మీద లెక్కేశాం. 100 మిల్లీవాట్ల రౌటర్‌కి 3 మీటర్ల దూరంలో మామూలు యాంటెన్నాకి దక్కేది 1 నుంచి 3 మైక్రోవాట్లు. అదీ రౌటర్ ఊపిరి తిప్పుకోకుండా పంపుతుంటేనే. దాన్ని డీసీగా, అంటే బ్యాటరీ ఇచ్చేలాంటి కరెంటుగా మార్చే షాట్కీ డయోడ్ దగ్గర, సిగ్నల్ అంత నీరసంగా ఉంటే, సగానికి పైగా పోతుంది. దూరం రెట్టింపైతే అందేది పావు వంతే. ఒక్క మైక్రోవాటుతో 15 వాట్-అవర్ల ఫోన్ బ్యాటరీ నిండాలంటే 1,700 ఏళ్ళు పడుతుంది! గాల్లోంచి ఫోన్ ఛార్జ్ చేస్తామనే వీడియోలు చూసి డబ్బు తగలెయ్యకండి.

అదే గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు బాగా పడేచోట, ఇండోర్ సోలార్ సెల్ ఒక్కో చదరపు సెంటీమీటరుకి దాదాపు 10 మైక్రోవాట్లు ఇస్తుంది. కాలిక్యులేటర్ నెత్తిన ఉండే నల్ల పట్టీ అదే. రాత్రికి, కరెంటు దాచిపెట్టే సూపర్ కెపాసిటర్ తోడుంటే చాలు.

బటన్ సెల్ సంగతా? సీఆర్2032లో 225 మిల్లీఆంపియర్-అవర్లు, 3 వోల్టులు. కాగితం మీద ఏడేళ్ళకు పైనే వస్తుంది. పదో ఇరవయ్యో సెన్సర్లకైతే ఇదే సుఖం.

మరి వైఫైలాంటి ఈ మైక్రోవేవ్ తరంగాలతో కరెంటు పంపడం దండగేనా? కాదు. ఫాస్టాగ్ స్టిక్కర్‌ని చూడండి: సన్నటి లోహపు యాంటెన్నా, మధ్యలో ఆవగింజంత చిప్పు, సెల్ అనేదే లేదు. టోల్ గేటు రీడర్ 865-867 మెగాహెర్ట్జ్‌లో పంపే తరంగమే దాన్ని లేపుతుంది, జవాబూ చెప్పిస్తుంది. తేడా ఏమిటంటే, అక్కడ పనిగట్టుకుని పంపేవాడున్నాడు, పని క్షణంలో అయిపోతుంది. 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో ఇంజనీరు విలియం బ్రౌన్ బృందం మైక్రోవేవ్‌తోనే మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపింది. దానికి 26 మీటర్ల డిష్ కావాల్సొచ్చింది.

కాబట్టి కాంక్రీట్ గోడలో పాతేసిన సెన్సరో, తిరిగే ఇరుసు మీదున్నదో అయితే దగ్గర్లో ఓ ట్రాన్స్‌మిటర్ పెట్టి మైక్రోవేవ్ వాడొచ్చు. మావాడి బోర్డు ఉండేది కిటికీ పక్కన. సోలార్ బిళ్ళ ఆర్డర్ పెట్టాడు.