బెజవాడ నుంచి చెన్నైకి: మెట్రో కార్డు వేరు, లోకల్ టికెట్ వేరు

పెళ్ళి బట్టలకి చెన్నై వెళ్ళొచ్చామని తెలియగానే మా పటమట చుట్టాలందరూ మొదట చీరల రేట్లు అడుగుతున్నారు, ఆ వెంటనే "అక్కడ మెట్రో కార్డు ఒకటి తీసుకుంటే అన్నిట్లో చెల్లుతుందటగా?" అంటున్నారు. మెట్రోలో చెల్లుతుంది, సిటీ బస్సుల్లో చెల్లుతుంది. చీరల కొట్లుండే టి.నగర్ వెళ్ళడానికి మనలాంటి వాళ్ళు ఎక్కే లోకల్ రైల్లో మాత్రం చెల్లదు. అది రైల్వేవాళ్ళది, దాని టికెట్ దానిదే. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో తెలిస్తే చెన్నైలో ఆటో ఎక్కే పనే ఉండదు. తెలియకపోతే ఒకే రోడ్డుని సంచులతో నాలుగుసార్లు దాటాల్సి వస్తుంది.

మేం ముగ్గురం వెళ్ళాం. నేను, మా వదిన, పెళ్ళికూతురు. పిల్ల కొన్నాళ్ళు చెన్నైలో ఉద్యోగం చేసింది కాబట్టి తన దగ్గర మెట్రోవాళ్ళ సింగార చెన్నై కార్డు ఉంది. మా ఇద్దరి దగ్గరా ఏమీ లేవు.

రైలు సంగతి ముందు చెప్తాను. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్ దాదాపు 430 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరే పినాకిని, మధ్యాహ్నం దాటాక బయలుదేరే జనశతాబ్ది, రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే వందే భారత్. వందే భారత్‌లో కూర్చోవడానికి, తినడానికి బాగుంటుంది, కాదనను. కానీ అదీ జనశతాబ్దీ చెన్నై చేరేసరికి బాగా రాత్రవుతుంది. కాస్త లేటయితే మెట్రో దొరుకుతుందో లేదో అని టెన్షన్, ఎందుకంటే రాత్రి 11 తర్వాత దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఆడవాళ్ళం సామాన్లతో వెళ్తున్నప్పుడు పినాకినే నయం. మధ్యాహ్నానికి దింపేస్తుంది, గదిలో సామాను పడేసి సాయంత్రానికి ఒక కొట్టయినా చూడొచ్చు. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు అంటూ దారంతా మన ఊళ్ళే కాబట్టి కబుర్లకి కూడా లోటు లేదు. చెన్నై లోకల్ రైళ్ళు మన సూళ్ళూరుపేట దాకా వస్తాయి. మా పక్క సీట్లో ఆవిడ కూతురు అక్కడి నుంచే రోజూ చెన్నై ఉద్యోగానికి వెళ్ళొస్తుందట. "బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళినట్టేనండీ" అంది.

సెంట్రల్‌లో దిగాక బయటికి వచ్చి ఎండలో ఎక్కడికీ నడవక్కర్లేదు. స్టేషన్ ఆవరణలోంచే మెట్రోకి దిగిపోవచ్చు. నీలం లైను, ఆకుపచ్చ లైను రెండూ ఇక్కడ కలుస్తాయి. శుభ్రంగా, చల్లగా, కావలసినన్ని లిఫ్టులతో ఉంది. వదినకి మోకాళ్ళ నొప్పులు. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా ప్లాట్‌ఫాం దాకా రాగలిగింది. ఇంకో మాట కూడా చెప్పాలి. మెట్రో ఎక్కకపోయినా ఈ భూగర్భ దారి వాడుకోవచ్చు. ఆ పెద్ద రోడ్డుకి అవతల ఉన్న పార్క్ లోకల్ స్టేషన్ వైపు, జనరల్ ఆసుపత్రి వైపు ఇందులోంచే వెళ్ళిపోవచ్చు. ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటిన పాతకాలం వాళ్ళకే దీని విలువ తెలుస్తుంది.

ఇక కార్డు. సింగార చెన్నై కార్డు 2023 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకుతో కలిసి మెట్రోవాళ్ళు తెచ్చారు. 2025 జనవరి నుంచి సిటీ బస్సుల్లో కండక్టరు మిషన్ మీద ఆనిస్తే కూడా పనిచేస్తోంది. మెట్రోవాళ్ళ పాత ట్రావెల్ కార్డుకి 2025 ఆగస్టు నుంచి రీచార్జ్ ఆపేశారు, కాబట్టి ఎవరైనా ఇంట్లో మూలన పడున్న పాత కార్డు ఇస్తానంటే తీసుకెళ్ళకండి. కొత్త కార్డు దేశమంతా ఒకటే పద్ధతిలో నడిచే రూపే రకం. బెంగళూరు మెట్రోలో కూడా గీకొచ్చు.

అయితే చుట్టపుచూపుగా వెళ్ళే వాళ్ళకి ఇది అవసరమా అంటే, అక్కర్లేదనే నా అభిప్రాయం. కార్డుకిచ్చే 20 శాతం తగ్గింపు ఫోన్‌లో తీసుకునే క్యూఆర్ టికెట్‌కి కూడా ఇస్తారు. సెంట్రల్ నుంచి ఎగ్మూరుకి ఒక్క స్టేషనే, పది రూపాయల టికెట్, తగ్గింపు పోను ఎనిమిది. పైగా ఒక కార్డు మీద ఒక్క మనిషే వెళ్ళాలి. తల్లి గీకి లోపలికి వెళ్ళి, అదే కార్డు వెనక్కిచ్చి కూతుర్ని రమ్మంటే గేటు ఒప్పుకోదు. క్యూఆర్ అయితే ముగ్గురికీ ఒకేసారి తీసుకోవచ్చు. పిల్ల తన కార్డుతో, మేం దాని ఫోన్‌లోని క్యూఆర్‌తో వెళ్ళాం.

గేటు దగ్గర మా ముందు ఒక పెద్దాయన నిలబడిపోయాడు. కార్డు ఆనిస్తే ఎర్ర గుర్తు పడుతోంది. తుడిచి మళ్ళీ ఆనించాడు, మళ్ళీ ఎర్రగానే. ఫోన్ తీసి గార్డుకి చూపిస్తున్నాడు, నిన్న రాత్రే వాళ్ళబ్బాయి రెండొందలు వేశాడట, మెసేజ్ కూడా ఉంది. గార్డు ఆయన్ని చెయ్యి పట్టుకుని పక్కనున్న మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, కార్డు అందులో పెట్టి, ఏదో నొక్కి, కాసేపు ఆగి ఇచ్చాడు. ఈసారి తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు పిల్ల చెప్పింది: "ఫోన్‌లో వేసిన డబ్బు ముందు ఖాతాలో ఉంటుంది అత్తా. కార్డు చిప్‌లోకి ఎక్కాలంటే ఒకసారి మిషన్‌లో పెట్టాలి. గేటుకి చిప్‌లో ఉన్నదే కనిపిస్తుంది." బస్సు కండక్టరు దగ్గరా అంతే. ఇంటి దగ్గర కూర్చుని పిల్లలు రీచార్జ్ చేస్తే సరిపోదు. చిప్‌లో రెండు వేలకి మించి పట్టదు కూడా. వేలకి వేలు వేసి మర్చిపోదాం అనుకునే వాళ్ళు అది ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. కార్డు పోయిందంటే చిప్‌లోని డబ్బూ పోయినట్టే.

బస్సుల్లో ఆడవాళ్ళకి కార్డు ఇంకా తక్కువ అవసరం. మనకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చినట్టే, అక్కడ ఆర్డినరీ సిటీ బస్సుల్లో 2021 నుంచే ఆడవాళ్ళకి ఉచితం. పటమట నుంచి బెజవాడ స్టేషన్‌కి ఆధార్ చూపించి ఉచితంగానే వచ్చాం, చెన్నైలో ఆర్డినరీ బస్సు ఎక్కిన చోటా డబ్బు ఇవ్వలేదు. అన్నయ్య వచ్చుంటే ఆయనకి కార్డు పనికొచ్చేదేమో.

బస విషయంలో మాత్రం చాలా ఆలోచించాం. టి.నగర్‌లోనే దిగితే కొట్లు నడకదూరం. కానీ గదులు ఖరీదు, వీధులు కిక్కిరిసి ఉంటాయి, సెంట్రల్ నుంచి పెట్టెలతో అక్కడికి చేరడమే పెద్ద పని. సెంట్రల్ దగ్గర పెరియమేడులో చవక లాడ్జీలున్నాయి, అయితే ముగ్గురు ఆడవాళ్ళం రాత్రిపూట తిరిగి రావడానికి ఆ సందులు వదినకి నచ్చలేదు. రైల్వే రిటైరింగ్ రూములు కన్‌ఫర్మ్ టికెట్ ఉంటే బుక్ చేసుకోవచ్చు, శుభ్రంగానూ ఉంటాయంటారు, మాకు ఖాళీ దొరకలేదు. చివరికి ఎగ్మూరులో కెనెట్ లేన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఏసీ గది అన్నారు, ఏసీ పనిచేసింది. వేడినీళ్ళు మాత్రం పొద్దున ఏడు దాటితే రావు, ఆ మాట గది తీసుకున్నాక చెప్పారు. దుప్పట్లు అడిగి మార్పించుకోవాల్సి వచ్చింది. అయినా మళ్ళీ వెళ్తే ఎగ్మూరులోనే దిగుతాం, లాడ్జి మార్చుకుంటాం అంతే. ఎందుకంటే మెట్రో, లోకల్ రైలు రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి, టిఫిన్ హోటళ్ళు చీకటితోనే తెరుస్తారు, రాత్రి పదింటికి కూడా వీధిలో సందడి ఉంటుంది.

ఎగ్మూరు నుంచి టి.నగర్ పక్కనున్న మాంబళానికి లోకల్ రైలు. చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, తర్వాత మాంబళం. ఐదు రూపాయల టికెట్. ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. మెట్రో లోంచి పైకొచ్చి, కార్డు చేతిలో ఉంది కదా అని లోకల్ ప్లాట్‌ఫాం మీదికి నడిచేస్తే ఆపడానికి అక్కడ గేటు ఉండదు. ఆపేవాడు దిగే చోట ఉంటాడు. టికెట్ లేకపోతే కనీసం 250 రూపాయల జరిమానా, ఆ పైన చార్జీ. కౌంటర్‌లో తీసుకోవచ్చు, మిషన్‌లో తీసుకోవచ్చు, ఫోన్‌లో తీసుకోవచ్చు. రైల్వే మిషన్‌కి కూడా స్మార్ట్ కార్డు ఉంది, కానీ అది రైల్వేది, మెట్రో కార్డు అందులో పనికిరాదు. ఫోన్‌లో అయితే ఇదివరకు రైల్వేవాళ్ళ యూటీఎస్ యాప్ ఉండేది, 2025 జూలైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో ఇప్పుడు అవే టికెట్లు దొరుకుతున్నాయి. స్టేషన్ లోపలికి వెళ్ళాక మామూలుగా టికెట్ ఇవ్వదు, గోడ మీది క్యూఆర్ స్కాన్ చేయమంటుంది. కాబట్టి లాడ్జిలో బూట్లు వేసుకునేటప్పుడే తీసేసుకోవడం మేలు.

బస్సు, మెట్రో, లోకల్ మూడింటికీ కలిపి ఒకే క్యూఆర్ ఇచ్చే చెన్నై వన్ అనే యాప్ కూడా 2025 సెప్టెంబరులో వచ్చింది. కార్డు చేయలేని పని యాప్ చేస్తోందన్నమాట. పిల్ల దాన్ని తెగ మెచ్చుకుంది. ఒక్కరే తిరిగేటప్పుడు బాగానే ఉంటుంది. ముగ్గురి టికెట్లూ ఒకరి ఫోన్‌లో ఉండి, ఆ ఒకరు బేరంలో మునిగిపోయి, ఛార్జింగ్ పన్నెండు శాతానికి పడిపోయిన సాయంత్రం మాత్రం వదిన కౌంటర్‌కెళ్ళి పదిహేను రూపాయలిచ్చి మూడు కాగితం టికెట్లు తెచ్చేసింది. నా ఓటు వదినకే.

మాంబళంలో దిగితే ఎదురుగా రంగనాథన్ వీధి. ఆ జనాన్ని చూసి పిల్లే బెదిరింది. స్టేషన్ నుంచి టి.నగర్ బస్టాండ్ దాకా 2023లో సుమారు 570 మీటర్ల ఆకాశ వంతెన కట్టారు. కింద తోసుకోకుండా దాని మీద నడిచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళేటప్పుడు అదే దారి పట్టాం. అక్కడి నుంచి పానగల్ పార్క్ వైపు పట్టుచీరల కొట్లకి నడక. పానగల్ రాజా మన కాళహస్తి మనిషే, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేశాడు. వదినకి ఈ చరిత్ర చెప్తే "అయితే మనకేమైనా తగ్గిస్తారా" అంది. కొట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరికారు గానీ, పైసా తగ్గించలేదు.

కాంచీపురం కూడా వెళ్ళొచ్చాం, చెంగల్పట్టు మీదుగా లోకల్ రైల్లో. కూర్చోవడానికి సీటు దొరికితే హాయిగానే ఉంటుంది. రైళ్ళు తక్కువ కాబట్టి టైము చూసుకుని వెళ్ళాలి. ధరల్లో టి.నగర్‌కీ దానికీ మేం అనుకున్నంత తేడా కనబడలేదు.

వచ్చేటప్పుడు అసలు పరీక్ష. మాంబళం నుంచి సెంట్రల్‌కి ఐదు సంచులు, రెండు పెట్టెలు. ఒక దారి లోకల్‌లో పార్క్ దాకా పోయి, రోడ్డు కింద నుంచి సెంట్రల్‌కి నడవడం. ఇంకో దారి ఎగ్మూరులో దిగి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్ళడం. మొదటి దాంట్లో ఐదు రూపాయలతో పని అయిపోతుంది. రెండో దాంట్లో మనిషికి ఇంకో ఎనిమిది రూపాయలు, సంచులు స్కానింగ్ మిషన్‌లో పెట్టి తీసే తతంగం. ఎలాగూ లాడ్జి ఖాళీ చేయాలి కాబట్టి ఎగ్మూరులో ఆగి మెట్రోలో వెళ్ళాం. లిఫ్టులు ఉండబట్టి బతికిపోయాం. చేతిలో చిన్న సంచి మాత్రమే ఉన్నవాళ్ళకి పార్క్ దారే చాలు.

హైదరాబాద్‌తో పోలిస్తే చెన్నై నయమే. అక్కడా మెట్రో కార్డు వేరు, ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్ వేరు. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రో దగ్గరే. 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్‌లో దింపే రైలు ఎక్కితే మాత్రం అక్కడ మెట్రోయే లేదు. కార్డు జేబులో పెట్టుకుని క్యాబ్ కోసం చూడాలి.

ఇక మన ఊరు. రాత్రి విజయవాడ స్టేషన్‌లో దిగి పటమటకి ఆటో అడిగితే చెప్పిన రేటు, చెన్నైలో ముగ్గురం తిరిగిన లోకల్, మెట్రో టికెట్లన్నీ కలిపినా రాదు. మన మెట్రో మొదటి దశ 38.4 కిలోమీటర్లు అంటున్నారు, గన్నవరం వైపు ఒకటి, పెనమలూరు వైపు ఒకటి, రెండూ నెహ్రూ బస్టాండ్ దగ్గర మొదలవుతాయట. కట్టినప్పుడు రైల్వే ప్లాట్‌ఫాం నుంచి మెట్రో దాకా నీడలో నడిచే దారి, ఒక లిఫ్టు మర్చిపోకుండా పెడితే కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కుట్టించిన జాకెట్లు తెచ్చుకోవడానికి వదిన మళ్ళీ వెళ్ళాలి. ఈసారి చార్మినార్ చూస్తున్నాం. అర్ధరాత్రి వేళ బెజవాడలో ఎక్కాలి గానీ, అది సెంట్రల్‌కి పోకుండా ఎగ్మూరు మీదుగా తాంబరం వెళ్తుంది. పొద్దున్నే ఎగ్మూరులో దిగి అక్కడే లోకల్ ఎక్కితే మెట్రోతో పనే లేదు. ఎగ్మూరులో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్ళ స్టేషన్లు మధ్యమధ్యలో మారుస్తున్నారు, అందుకని టికెట్ తీసేటప్పుడే అది ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి.