ఏడాదికి పైగా బ్రెస్ట్ పంపు వాడాక నా గొడవంతా ఒక్క వాల్వు గురించే

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎన్ని లెవెల్స్ ఉన్నాయి, చప్పుడు ఎంత, ఇవన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే సంగతి రెండు పక్కలా పెట్టుకునే కరెంటు పంపులు చాలావాటికి వర్తిస్తుంది. సీసా పైన, మూతి లోపల ఒక చిన్న సిలికాన్ వాల్వు ఉంటుంది, అడుగున సన్నని చీలికతో. ఆ ముక్క వల్ల నేను పడ్డ ఏడుపు ఇంకో తొలిచూలు తల్లి పడకూడదని రాస్తున్నాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఇది మీకు పనికొస్తుందో లేదో తెలీదు. కాన్పుకు పుట్టింటికి, చిత్తూరు గ్రీమ్స్‌పేటకు వచ్చాను. అత్తగారిల్లు తిరుపతి కొర్లగుంటలో. ఏడో నెల నుంచే మా ఆయన లిస్టు రాసుకుని దోమతెర, రబ్బరు షీటు, మెత్తటి నూలు గుడ్డలు అన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చాడు, అందులోనే ఈ పంపు కూడా. డబ్బా విప్పినప్పుడు మా అవ్వ చూసి "పాలు పిండే మిషనా? ఆవులకు కదా మేయ్ అది" అంది. ఎగతాళికి కాదు, ఆమెకు తెలిసిన మిషను అదే, మా పక్క పల్లెల్లో పాడి ఉన్న ఇళ్ళలో కనిపించేది.

బిడ్డ 37 వారాలు నిండకముందే పుట్టింది, రెండుంబావు కిలో దగ్గర. అలా ముందుగా పుట్టిన పిల్లలకు చప్పరించే బలం తక్కువ, నాలుగు గుక్కలు తాగి నిద్రపోతారు, లేపితే మళ్ళీ రెండు గుక్కలు. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలంటారు, మా బిడ్డ విషయంలో ఒక్కో విడతా ముప్పావు గంట పట్టేది. ముర్రుపాలు నర్సమ్మే చేత్తో పిండి స్పూనుతో పట్టింది, అవి చిక్కగా ఉంటాయి కాబట్టి పంపు పెడితే గొట్టాలకే అంటుకుపోతాయంది. మూడో రోజు దాటి పాలు బాగా పడ్డాక పంపు మొదలుపెట్టాను.

మొదటి రెండు నెలలు ఈ పంపును నేను పొగడని మనిషి లేదు. ఒకేసారి రెండు పక్కలా పెట్టుకుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోయేది. అన్నిటికంటే నాకు నచ్చింది, రాత్రిళ్ళు మా ఆయన చిత్తూరు వచ్చినప్పుడు ఆ పాలు ఉగ్గుగిన్నెలో పోసి తనే పట్టేవాడు. సీసా పీక అలవాటైతే రొమ్ము పట్టదేమోనని డాక్టరమ్మ ఉగ్గుగిన్నె వాడమంది, పాత వెండిది ఇంట్లోనే ఉంది. తండ్రి ఒళ్ళో కూర్చుని బిడ్డ గుటక గుటకా మింగుతుంటే నేను రెండు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. ఆ నిద్ర విలువ బాలింతలకే తెలుసు. ఆ రోజుల్లో నా స్నేహితురాళ్ళిద్దరికి కళ్ళు మూసుకుని కొనమని చెప్పాను.

రెండో నెల చివర్లో మొదలైంది. పాలు ఒక్కసారిగా తగ్గలేదు, అలా తగ్గి ఉంటే అనుమానం వచ్చేదేమో. రోజురోజుకీ కొంచెం కొంచెం. అంతకుముందు రెండు సీసాలూ కలిపితే బిడ్డకు ఒక పూటకు సరిపోయేవి, తర్వాత సీసా అడుగు తడిసేంత. మోటారు చప్పుడు మారలేదు. తెర మీద నంబరు మారలేదు. మిషను బాగానే ఉంది కదా, మరి తగ్గింది ఎవరు? నేను. ఇంట్లో అందరూ అదే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

అమ్మ వెల్లుల్లి కారం పెంచింది, మునగాకు వేపుడు రెండు పూటలా పెట్టింది, పాలసొర చేప ఎక్కడ దొరుకుతుందోనని తమ్ముణ్ణి మార్కెట్టంతా తిప్పింది. అవ్వ "నిండు పాలు చూసి ఎవురి కన్నో పడింది" అని ఎర్రనీళ్ళు తిప్పి పోసింది. తిరుపతి నుంచి అత్తమ్మ ఫోన్ చేసి "బిడ్డ పస్తుండకూడదమ్మా, డబ్బా పాలు కలిపి పట్టండి, అదేం తప్పు కాదు" అంది. ఎవరూ చెడ్డగా అనలేదు, అందరూ నా మేలు కోరే అన్నారు. కానీ పొద్దుట లేచిన దగ్గర్నుంచి "ఈరోజు ఎన్ని వచ్చాయి?" అని అడిగితే పాలిచ్చే మనిషి మనసు ఏమవుతుందో అడిగినవాళ్ళకు తెలీదు. టెన్షన్ పెరిగితే పాలు దిగడం కూడా ఆలస్యమవుతుంది, అది నిజంగా శరీరంలో జరిగే పనే, పాలు దింపే ఆక్సిటోసిన్ అనే హార్మోనుకు టెన్షన్ అడ్డుపడుతుంది. నేను లెవెల్ పెంచుకుంటూ పోయాను, చివరి నంబరు దాకా. చర్మం మండి పుండైంది, పాలు మాత్రం రాలేదు. పైగా ఎడమ పక్క రాయిలా గట్టిపడి నొప్పి మొదలైంది. పాలు లేని రొమ్ము అలా ఎందుకు బిగుస్తుంది అని ఎవరికీ తట్టలేదు.

పదో వారం టీకాకు వెళ్ళినప్పుడు తేలింది. టీకా వేసే ముందు బిడ్డను తూకం వేసిన నర్సమ్మ కార్డులో రాస్తూ "బాగా పెరిగింది పాపా" అంది. నేను ఏడ్చేశాను. పాలు లేవు, ఎలా పెరుగుతుంది అన్నాను. ఆమె పని ఆపి కూర్చోబెట్టి అడిగింది. రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది? ఆరుసార్లకు పైనే. రొమ్ము పడుతోందా? ఈమధ్య బాగానే పడుతోంది, పంపు పాలు దాని మీద పట్టేవే. "మరి పాలు లేకపోతే ఇంత బరువు ఎట్ల పెరుగుతుంది? మిషన్లో ఎన్ని పడినాయని చూడొద్దు, బిడ్డ బరువు చూడు, ఉచ్చ చూడు." తెర పక్కకు తీసుకెళ్ళి బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, మొనకు అంగుళం వెనక పెట్టించి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్ళు దగ్గరికి తెమ్మంది. వేళ్ళు చర్మం మీద జారకూడదంది. కొద్దిసేపటికే పాలు చిమ్మాయి, నా చీర తడిసింది. గట్టిపడ్డ ఎడమ పక్క నుంచి కూడా. "నీకేం తక్కువ లేదు పాపా, పోయి ఆ మిషను చూసుకో" అంది. ఆ మాటతో నా గుండె మీద బరువంతా దిగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన పంపు ముక్కలన్నీ విప్పి ఒక్కొక్కటీ లైటుకు అడ్డం పెట్టి చూశాడు. వాల్వు అడుగు చీలిక మూసుకోవట్లేదు, నొక్కకుండానే వెలుతురు కనిపిస్తోంది. రెండో దానికి ఒక చివర చిరుగు కూడా ఉంది.

అది చేసే పని ఏమిటంటే, మోటారు గాలి లాగినప్పుడు ఆ చీలిక పెదవులు గట్టిగా మూసుకోవాలి, అప్పుడే లాగే బలం రొమ్ముకు చేరుతుంది. మోటారు వదిలినప్పుడు తెరుచుకుని పాలు సీసాలోకి జారాలి. చీలిక సాగిపోతే సీసాలో గాలి పైకి వచ్చేస్తుంది, బలమంతా అక్కడే పోతుంది. మోటారుకు ఇదేమీ తెలీదు, అది మామూలుగానే తిరుగుతుంది. తెర మీద 9 అని చూపించేది మోటారు లెవెలు, రొమ్ము దగ్గర ఎంత లాగుతోందో కాదు. నా కోపం ఇక్కడే. ఇన్ని వేలు పెట్టి కొన్న వస్తువు, యాప్ ఉంది, రాత్రి దీపం ఉంది, కానీ పట్టు తగ్గిందని చెప్పే ఏర్పాటు లేదు. పుస్తకంలో చివరి పేజీల్లో "అరిగితే మార్చండి" అని ఒక్క ముక్క ఉంది, అరిగిందని ఎలా తెలుస్తుందో లేదు. నాలాగా రోజంతా విడతలు విడతలుగా పంపు పెట్టేవాళ్ళకు, ప్రతిసారీ మరిగించి, బ్రష్ పెట్టి కడిగేవాళ్ళకు ఈ వాల్వులు రెండు మూడు నెలలు వస్తే గొప్ప. అందులో బ్రష్ దూర్చకూడదు, సబ్బునీళ్ళలో వేళ్ళతో మెల్లగా రుద్ది కడగాలి. ఇది డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండాల్సిన మాట.

ఇక వాల్వు కోసం తిరుగుడు. చిత్తూరు హైరోడ్డులో షాపుల్లో పంపు మొత్తం ఉంది, వాల్వు లేదు. మా ఆయన తిరుపతిలో గాంధీ రోడ్డు, ప్రసూతి ఆసుపత్రి చుట్టుపక్కల మందుల షాపులు అన్నీ అడిగాడు. ఒకచోట కొత్త పంపు కొనమన్నారు, ఒకచోట పాలు తగ్గాయని వినగానే డబ్బా పాలు తీసి కౌంటరు మీద పెట్టారు. మన దేశంలో డబ్బా పాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది, దాన్ని 2003లో ఇంకా గట్టి చేశారు, అయినా భయపడ్డ తల్లి ముందు ఆ డబ్బా ఇంత తేలిగ్గా వచ్చి నిలబడుతుంది. వేలూరు వెళ్ళిన తమ్ముడు కూడా వట్టి చేతులతో వచ్చాడు. చివరికి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వారం పైన పట్టింది. ధర కొన్ని వందలే.

ఆ వారం చేత్తోనే పిండాను. మొదట వేళ్ళు నొప్పి పుట్టాయి, తర్వాత అలవాటైంది. కరెంటు లేదు, కడగాల్సిన ముక్కలు లేవు, ఒక స్టీలు గిన్నె చాలు. అప్పటిదాకా పంపు లేకపోతే గతి లేదనుకునేదాన్ని, అది నిజం కాదని తెలిసింది. పంపు గురించి నేను ముందు చెప్పిన పొగడ్తలో అంతమేర తగ్గించుకోవాలి. ఆ స్నేహితురాళ్ళిద్దరికీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

కొత్త వాల్వులు వేసిన రోజు సగం లెవెల్‌లోనే సీసాలు నిండుగా వచ్చాయని చెప్పాలని ఉంది కానీ అలా జరగలేదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి, కొన్నాళ్ళు సరిగా ఖాళీ కాకపోవడంతో నిజంగానే కొంత తగ్గాయి. రెండు మూడు గంటలకోసారి, రాత్రి ఒకసారి తప్పనిసరిగా పెట్టుకుంటూ పోతే మెల్లగా పాత దారికి వచ్చాయి. అవ్వ సీసా చూసి "జబ్బు మిషనుకైతే మందు నీకు పెడితిమే తల్లీ" అని నా తల నిమిరింది.

తర్వాతి నెలల గురించి క్లుప్తంగా చెప్తాను. పంపుతో వచ్చిన, రొమ్ముకు ఆనించే గరాటులాంటి మూతి 24 ఎం.ఎం., నాకు సరిపడేది 21, అది కూడా విడిగా కొన్నాకే మంట తగ్గింది. కొనేటప్పుడే కొలత చూసుకోండి, మొన వెడల్పు కంటే కొన్ని ఎం.ఎం. మాత్రమే పెద్దది కావాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవుల చట్టంలోకి వచ్చిన 26 వారాల సెలవు అయిపోయి తిరుపతిలో కాలేజీ ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టాక పంపు విలువ మళ్ళీ తెలిసింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాల కోసం విరామం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, అడిగితే రికార్డుల గది ఇచ్చారు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయని రాస్తారు, కానీ మన తిరుపతి మే నెల ఎండల్లో ఆ నాలుగు గంటల లెక్క నమ్మొద్దు, నేను పిండిన వెంటనే ఐసు పెట్టిన బ్యాగులో పెట్టేదాన్ని. ఫ్రిజ్‌లో పెడితే మీగడలా పైకి తేలుతుంది, అది పాడవడం కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద, ఓవెన్‌లో పెట్టకుండా గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంచి అమ్మ పట్టేది. బ్యాటరీ ఏడాది దాటాక బాగా తగ్గింది, ఇప్పుడు ఛార్జర్ పెట్టే వాడాలి.

కొనొచ్చా అంటే, నాకు బిడ్డ ముందుగా పుట్టింది, తర్వాత ఉద్యోగం, ఇంట్లో అమ్మ ఉంది, కాబట్టి నాకు పనికొచ్చింది, ఇంకో కాన్పైనా ఇదే కొంటాను. బిడ్డ నెలలు నిండి పుట్టి రొమ్ము బాగా పట్టి, మీరు ఇంట్లోనే ఉండేవాళ్ళైతే ముందే ఇన్ని వేలు పెట్టకండి, ఆసుపత్రిలో ఉన్నప్పుడే నర్సమ్మను అడిగి చేత్తో పిండడం నేర్చుకోండి, అవసరమైతే పంపు తర్వాత కొనొచ్చు. కొంటే మాత్రం అదే ఆర్డర్‌లో అదనపు వాల్వులు వేయించుకోండి, అవి విడిగా దొరకని పంపైతే వదిలేయండి.

మా చిన్నమ్మ కూతురికి వచ్చే నెల కాన్పు, నా పంపు అడిగింది. ఇది ఒకరే వాడాల్సిన రకం, గొట్టంలోకి, మోటారులోకి పాలు వెళ్ళి ఉంటే కడగడం కుదరదు, అందుకే ఇవ్వలేదు. కొత్తది కొంటే ఏ సైజు మూతి, ఏ వాల్వులు తీసుకోవాలో రాసి పంపాను.