మైలేజ్ రావట్లేదని బోర్ చేయించేయకండి, ముందు ప్లగ్ విప్పి చూడండి

పాత బండి కొనబోయేవాళ్ళు, కొన్నాక మైలేజ్ రావట్లేదని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. అవసరం లేని ఇంజన్ పనికి 6,800, మూడు నెలలు ఊరికే తగలేసిన పెట్రోల్‌కి ఇంకో నాలుగున్నర వేలు. రెండూ కలిపి పదకొండు వేల పైన వదిలింది నాకు. బండి కొన్నదే 24 వేలకి. షాపుల పేర్లు రాయను, అడగకండి. ఒక్క షాపు సంగతి కాదిది, ఏ ఊళ్ళో అయినా జరిగేదే.

బండి 2009 మోడల్ స్ప్లెండర్ ప్లస్. తెనాలి నుంచి గుంటూరు రోజూ ఉద్యోగానికి తిరగాలి, పోను రాను యాభై కిలోమీటర్లు దాటుతుంది. బస్సులు పట్టుకోలేక పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో తీసుకున్నాను. మీటర్ మీద 38 వేలు ఉంది. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్సీ రెన్యువల్ చేయించారో లేదో మాత్రం చూసుకున్నాను, 2029 దాకా ఉంది. బండి మన పేరు మీదికి మార్చే ఫారం 29, 30 సంతకాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కాగితాలన్నీ అంత జాగ్రత్తగా చూసినవాడిని బండిని మాత్రం చూడలేదు. కొత్త స్టిక్కరింగ్, సీటుకి కొత్త కవరు, సైలెన్సర్‌కి వెండి రంగు, ఇవి చూసి పడిపోయాను. "మైలేజ్ 65 గ్యారంటీ అండీ, ఇంజన్ ముట్టుకోలేదు" అన్నాడు అమ్మినాయన. ఆ మాటప్పుడే కిక్ రాడ్ రబ్బరు, బ్రేక్ పెడల్ వైపు చూసి ఉంటే అర్థమయ్యేది. పెడల్ మీద గీతలన్నీ అరిగిపోయి గాజులా నున్నగా ఉంది. 38 వేలకి పెడల్ అలా అరగదు.

మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. 300 కొట్టిస్తే మూడో రోజుకే రిజర్వ్‌కి పడుతోంది. అప్పుడు సరిగ్గా లెక్క తీశాను. చాలామంది "వంద కొట్టించా, ఇన్ని కిలోమీటర్లు వచ్చింది" అని చెబుతారు చూడండి, ఆ లెక్క పనికిరాదు. ట్యాంకులో ముందు ఎంత ఉందో ఎవరికి తెలుసు. సెంటర్ స్టాండ్ వేసి మూతి దాకా ఫుల్ కొట్టించండి, మీటర్ ఫోటో తీసుకోండి, కనీసం రెండు వందల కిలోమీటర్లు తిరిగి అదే బంకులో అదే పంపు దగ్గర మళ్ళీ అలాగే ఫుల్ కొట్టించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో భాగిస్తే అదీ మైలేజ్. నాకు 214 కిలోమీటర్లకి 5.9 లీటర్లు పట్టింది. అంటే 36. బంకులో కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల క్యానుతో కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది, ప్రతి బంకులో ఆ క్యాన్ ఉండాలి. నేను అడిగాను, మొహం చిట్లించుకుంటూనే చూపించారు. తేడా ఏం లేదు. సో తప్పు బండిలోనే ఉంది.

ఆఫీసులో చెబితే అందరిదీ ఒకటే మాట, "ఇథనాల్ పెట్రోల్ కదా, అందరికీ అంతే." అంతే కాదు. ఇథనాల్‌లో శక్తి తక్కువ, నిజమే, దానివల్ల కొంత పడిపోతుంది. 20 శాతం ఇథనాల్ కలపడం గురించి 2021లో నీతి ఆయోగ్ వేసిన రిపోర్టులో కూడా పాత రకం టూ వీలర్లకి మూణ్ణాలుగు శాతం తగ్గొచ్చని ఉంది. రెట్టింపు తగ్గుతుందనుకున్నా అరవై ఇచ్చే బండి యాభై అయిదు ఇస్తుంది, ముప్పై ఆరు ఇవ్వదు. మిగతా ఇరవై ఎక్కడికి పోతోంది?

ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోకుండా మెకానిక్‌ని వేశాను. చిన్న కుర్రాడు, మాట కలుపుగోలు. బండి స్టార్ట్ చేసి రెండుసార్లు రేజ్ చేసి, చెవి దగ్గర పెట్టి విని, "బోర్ పోయిందన్నా" అన్నాడు. అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్ విప్పలేదు, ఫిల్టర్ మూత తీయలేదు, చక్రం తిప్పి చూడలేదు. పోనీ పొగ వస్తోందా అంటే అదీ లేదు. "లోపల వస్తది అన్నా, నీకు కనపడదు" అన్నాడు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ రోజు నిజమే కాబోలు అనుకున్నాను. పిస్టన్ కిట్, లేత్‌లో బోర్ కొట్టించడం, గాస్కెట్లు, ఆయిల్, లేబర్. మధ్యలో ఫోన్ చేసి "ఎలాగూ విప్పాం కదన్నా, క్లచ్ ప్లేట్లు కూడా వేసేద్దాం" అన్నాడు, సరే అన్నాను. బోర్ ఇంజన్ ముందు వైపు ఉంటుంది, క్లచ్ కుడి పక్క కవర్ లోపల ఉంటుంది, ఒకటి విప్పితే రెండోది విప్పినట్టు కాదని అప్పటికి నాకు తెలీదు. పాత ప్లేట్లు చూపించమంటే పక్కనున్న స్క్రాప్ డబ్బాలోంచి నల్లగా మాడినవి తీసి చూపించాడు. అవి నావో, ఎవరివో, దేవుడికే తెలియాలి. ఒక్క పని మాత్రం మంచిది చేశాను, పాత పిస్టన్ పేపర్‌లో చుట్టించి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంత చేశాక మైలేజ్ ఎంత? 35. "రన్-ఇన్ అన్నా, వెయ్యి కిలోమీటర్లు నలభైలో నడుపు, తర్వాత దానంతటదే వస్తది." బోర్ చేశాక కొన్నాళ్ళు నెమ్మదిగా నడపాలన్నది నిజమే, అందుకే నమ్మాను. వెయ్యి అయింది. 36. మళ్ళీ వెళ్తే గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ పక్కన స్క్రూ ఒకటి అటూ ఇటూ తిప్పి పంపించాడు. ఆ స్క్రూ ఐడ్లింగ్‌లో, చిన్న యాక్సిలరేటర్‌లో గాలి పెట్రోల్ పాళ్ళు సరిచేయడానికి, యాభైలో వెళ్ళేటప్పుడు దాని ప్రభావం పెద్దగా ఉండదట. ఈలోగా మా అమ్మ రోజూ పొద్దున్నే వసారా ఊడుస్తూ "ఒరేయ్, ఇక్కడంతా కిరసనాయిలు కంపు కొడుతోందిరా" అంటోంది. బండి కింద రూపాయి బిళ్ళంత తడి. నేను పట్టించుకోలేదు.

చివరికి మా బాబాయికి తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. వయసు డెబ్బై దాకా ఉంటుంది, ఇంటి ముందు వేపచెట్టు కిందే పని. బండి స్టార్ట్ కూడా చేయమనలేదు. సెంటర్ స్టాండ్ వేయించి న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. అర చుట్టు కూడా తిరగలేదు, సర్రుమని ఆగిపోయింది. "తెనాలి నుంచి గుంటూరు దాకా బ్రేక్ తొక్కుకునే వెళ్తున్నావు నాయనా" అన్నాడు. బ్రేక్ షూలు నడిపే క్యామ్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, దాని మీద ఎవరో రాడ్ నట్టు కూడా బాగా బిగించారు. పెడల్ వదిలినా షూలు వెనక్కి రావట్లేదు. చైన్ కూడా వీణ తీగలా బిగించి ఉంది. మధ్యలో వేలితో ఎత్తితే ఒక అంగుళం దాకా కదలాలి, నాది కదిలితే ఒట్టు. ముందు టైరులో గాలి 16 ఉంది. ఈ బండికి ముందు 25, వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరెక్కితే 40 పెట్టాలి.

తర్వాత ప్లగ్ విప్పాడు. నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ప్లగ్ కొస అంతా పొడి నలుపు, వేలు పెడితే కాటుకలా అంటుకుంది. బాగున్న ఇంజన్‌లో ఆ పింగాణీ భాగం పాలెక్కువ కాఫీ రంగులో ఉంటుంది. కాటుకలా పొడిగా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, లేదా గాలి తక్కువ వెళ్తోంది. అంటే కార్బొరేటరో, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి వేసే చోకో, ఎయిర్ ఫిల్టరో చూడాలి. అదే తడిగా, ఆయిల్ జిడ్డుతో నల్లగా ఉంటే అప్పుడు పిస్టన్ రింగులు, బోర్ మీద అనుమానపడాలి. బోర్ నిజంగా పోతే సైలెన్సర్‌లోంచి నీలం రంగు పొగ వస్తుంది, ఇంజన్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది, కిక్ కొడితే కాలికి బరువు తెలీదు. నాకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. ప్లగ్ విప్పడానికి రెండు నిమిషాలు, పానా బండి టూల్ కిట్‌లోనే ఉంటుంది. ఆ రెండు నిమిషాలు ఆ కుర్రాడు పెట్టి ఉంటే నా 6,800 మిగిలేవి. పెట్టకపోవడం చేతకాకనా, కావాలనా అన్నది నేను తేల్చలేను.

కార్బొరేటర్ దగ్గరికొచ్చేసరికి ఆయన ఫోన్ లైటు వేయమని వంగి చూసి నవ్వాడు. ఈ బండికి కంపెనీ నుంచి వచ్చేది కీహిన్ కార్బొరేటర్, దాని ఒంటి మీద ఆ పేరు పోతపోసి ఉంటుంది. నాదాని మీద ఏ పేరూ లేదు. బయట ఏడెనిమిది వందలకి దొరికే కాపీ. లోపల పెట్రోల్ నిండగానే ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా కూర్చోక పెట్రోల్ పొంగి పైపులోంచి కారుతోంది. అమ్మ చెప్పిన వాసన అదన్నమాట. అసలుది ఎవరు పీక్కున్నారో నాకు తెలీదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "మాకొచ్చినప్పుడే అలా ఉందండీ" అన్నారు. మరి ఇంజన్ ముట్టుకోలేదన్న సంగతి వాళ్ళకెలా తెలుసో.

ఆ పేపర్ పొట్లం కూడా తీసుకెళ్ళి చూపించాను. పాత పిస్టన్ పక్కల చిన్న గీత కూడా లేదు. పైన మసి గుడ్డతో తుడిస్తే 0.25 అని అంకె బయటపడింది. అంటే ఆ బండికి అంతకుముందే ఒకసారి బోర్ చేసి సైజు పెంచిన పిస్టన్ వేశారు. 38 వేలకే బోర్ చేసిన స్ప్లెండర్‌ని తానైతే చూడలేదన్నాడాయన. మీటర్ ఎవరో తిప్పారు, లేదా మార్చారు. ఇప్పుడు నాది 0.50 అయింది. బోర్ కొట్టిన ప్రతిసారీ సిలిండర్ కొంచెం కొంచెం అరగదీస్తారు కాబట్టి ఇంకో రెండుసార్లకి మించి ఛాన్స్ ఉండదు, ఆ తర్వాత సిలిండర్ బ్లాకే మార్చుకోవాలి. డబ్బుల కంటే నాకు అదే ఎక్కువ బాధ. బాగున్న పిస్టన్ తీయించి బండి ఆయుష్షు నేనే తగ్గించుకున్నాను.

ఆ రోజు బ్రేక్ క్యామ్ విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు, చైన్ వదులు చేశాడు, గాలి పెట్టించుకున్నాను. తీసుకున్నది 250. అంతే, మళ్ళీ ఫుల్ ట్యాంక్ లెక్క తీస్తే 44. కార్బొరేటర్ కంపెనీది నేనే డీలర్ స్పేర్స్ కౌంటర్లో బిల్లుతో కొని తెచ్చి ఇచ్చాను, కొత్త ఎయిర్ ఫిల్టర్, కొత్త ప్లగ్, టాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం). పెట్రోల్ పైపు కూడా మార్చాడు, పాతది పుల్లలా గట్టిపడి పగుళ్ళిచ్చింది. మొన్న ఆదివారం లెక్క: 391 కిలోమీటర్లకి 6.7 లీటర్లు. 58 దాటింది. నెలకి 1350 కిలోమీటర్లు తిరిగే నాకు, లీటరు నూట పది దగ్గరున్న రోజుల్లో, పదిహేను వందలు మిగులుతున్నాయి.

కొనేటప్పుడు మీరు చేయాల్సింది: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. ముందే వేడి చేసి పెడితే పొద్దున్న పూట ఎలా స్టార్ట్ అవుతుందో తెలీదు. వెనక చక్రం చేత్తో తిప్పండి. ప్లగ్ విప్పి చూపించమనండి, ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. కార్బొరేటర్ మీద పేరు చదవండి. పెడల్, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు చూసి మీటర్‌తో పోల్చుకోండి. పది కిలోమీటర్లు నడిపి దిగాక వెనక డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండానే సెగ కొడితే బ్రేక్ పట్టేస్తున్నట్టే. రిపేరుకి ఇచ్చేటప్పుడు బండి వదిలేసి ఆఫీసుకి వెళ్ళకండి, సెలవు పెట్టైనా దగ్గరుండండి. పాత పార్టు బండిలోంచి ఊడదీస్తున్నప్పుడే చేతికి తీసుకోండి, తర్వాత డబ్బాలోంచి తీసిచ్చేది కాదు.

రోజువారీ సంగతి పెద్దగా ఏం లేదు. రాత్రి పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. చోక్ వేసి స్టార్ట్ చేసినవాళ్ళు తీయడం మర్చిపోకండి, మా ఆఫీసులో ఒకాయన నెల రోజులు చోక్ మీదే తిరిగాడు. రెండు వారాలకోసారి గాలి, ఆయిల్. ఆయిల్ చూసేటప్పుడు పుల్లని తుడిచి, మర బిగించకుండా ఊరికే దించి తీసి చూడాలి, చాలామంది బిగించి చూస్తారు. ఇక బజార్లో మైలేజ్ పెంచే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే బిళ్ళలు అమ్మేవాళ్ళుంటారు, ఆ డబ్బుతో ఒక మంచి ప్లగ్ కొనుక్కోండి.

నిన్న సాయంత్రం ఆ బోర్ కుర్రాడు సిగ్నల్ దగ్గర కనిపించాడు. "అన్నా, ఇప్పుడెంతొస్తోంది మైలేజ్?" అన్నాడు. 58 అన్నాను.

"చెప్పానా, రన్-ఇన్ అయితే వస్తదని!"