బాస్క్ సైకిల్ రేసు చూడాలంటే ఎయిబార్‌లోనే దిగండి

ఏప్రిల్‌లో ఇట్సులియా అనే సైకిల్ రేసు చూడటానికి స్పెయిన్ ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతానికి వెళ్దామనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా: బస అక్కడి పెద్ద నగరం బిల్బావోలో పెట్టుకోకండి. నేరుగా ఎయిబార్‌కు వెళ్లండి.

బిల్బావోలో మేం ఆన్‌లైన్‌లో తీసుకున్న అపార్ట్‌మెంట్ రాత్రికి 128 యూరోలు, శుభ్రం చేసినందుకు ఇంకో 55. తలుపు కోడ్ పనిచేయలేదు. వానలో సూట్‌కేసులు పట్టుకుని నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తే గంట తర్వాత ఒక మెసేజ్ వచ్చింది: రాత్రి తొమ్మిది దాటాక వస్తే 40 యూరోలు అదనం, అది కడితేనే కొత్త కోడ్. బుకింగ్‌లో ఈ సంగతి ఒక్క అక్షరం లేదు. కట్టక ఏం చేస్తాం? ఫొటోల్లో కనిపించిన లిఫ్టు పక్క భవనానిదట. నాలుగో అంతస్తుకు సామాను మోసేసరికి మా బావమరిది భుజం పట్టేసింది. హీటరు రెండు గంటలు నడిచి దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ వేయడానికి లేదు. మా ఆవిడ కోటు కూడా విప్పకుండా పడుకుంది. “ఏమండీ, సైకిళ్లు చూడటానికి ఇంత దూరం రావాలా?” అని ఒక్కటే మాట అని, తెల్లారేదాకా ఇంకేం మాట్లాడలేదు. ఫిర్యాదు చేస్తే తర్వాతి బుకింగ్‌కు పనికొచ్చే 15 యూరోల కూపన్ పంపి చేతులు దులుపుకున్నారు. నాకు కూపన్ అక్కర్లేదు, ఆ 40 యూరోలు తిరిగి కావాలి. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం, నది ఒడ్డు, పాత బజారు బాగున్నాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు.

బిల్బావో నుంచి ఎయిబార్‌కు ఎవుస్కోట్రెన్ చిన్న రైలు ఉంది. లోయల్లో మెలికలు తిరుగుతూ గంటకు పైనే పడుతుంది. బరిక్ అనే అక్కడి ప్రయాణ కార్డు కొనుక్కుంటే విడి టికెట్ కంటే బాగా తక్కువలో అయిపోతుంది. ఎయిబార్ అందమైన ఊరేం కాదు. ఇరుకు లోయ, దాంట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుండే ఫ్యాక్టరీలూ అపార్ట్‌మెంట్లూ, కొండవాలు వీధులకు ఎక్కడానికి జనం కోసం కట్టిన లిఫ్టులు. మేం దిగిన చిన్న లాడ్జిలో గది 68 యూరోలు. మేం వస్తున్నామని ముందే గది వెచ్చబెట్టి ఉంచింది అక్కడి పెద్దావిడ. మా ఆవిడ ముఖం అక్కడే తేటపడింది.

ఈ ఊరు ఒకప్పుడు తుపాకుల ఊరు. ఓర్బెయా కంపెనీ 1840లో తుపాకులతోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆర్డర్లు పడిపోయాయి. తుపాకీ గొట్టం చేసే చేతులకూ యంత్రాలకూ సైకిల్ ఫ్రేము గొట్టం కష్టమా? ఓర్బెయా, బీహెచ్, గాక్, ఈ మూడు కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఊళ్లోని ఆయుధ పరిశ్రమ మ్యూజియం తప్పకుండా చూడండి. మా బావమరిది హైదరాబాద్‌లో తెల్లవారుజామునే సైకిల్ తొక్కే మనిషి, అతన్ని అక్కణ్నుంచి బయటికి లాక్కురావడం నా వల్ల కాలేదు.

ఇక రేసు. 1924లో బిల్బావో పత్రిక ఎక్సెల్సియోర్ దీన్ని మొదలుపెట్టింది. మొదటి విజేత ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ పెలిసియే. 1930 తర్వాత ఆగి, 1935లో ఒక్కసారి జరిగింది. అప్పుడు గెలిచిన ఇటలీ కుర్రాడు జీనో బార్తాలి, తర్వాత టూర్ దె ఫ్రాన్స్ రెండుసార్లు గెలిచాడు. మరుసటి ఏడాదే స్పెయిన్‌లో అంతర్యుద్ధం. మళ్లీ 1969 దాకా రేసే లేదు. ఆ ఏడాది గెలిచింది ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ఆంకెతిల్. స్పెయిన్ సైక్లిస్టులు గొంజాలెస్ లినారెస్, కొంతడోర్ చెరో నాలుగుసార్లు గెలిచారు. గెలిచినవాడి తలకు కిరీటం లేదు, చపేలా అనే వెడల్పాటి బాస్క్ టోపీ పెడతారు.

ఇక్కడి జనం దీన్ని ఇంతగా గుండెకు హత్తుకోవడానికి కారణం ఉంది. 1978లో స్పెయిన్ పెద్ద రేసు వుయెల్టా చివరి రోజు నిరసనలతో అట్టుడికింది. ఆ తర్వాత అది ఈ ప్రాంతానికి రావడం మానేసింది. మళ్లీ వచ్చింది 2011లో. అన్నేళ్లూ వీళ్ల గుమ్మం ముందుకు వచ్చిన పెద్ద పోటీల్లో ఇట్సులియా ఒకటి. ఎయిబార్‌లో పుట్టిన ఎవుస్కల్ బిసిక్లెటా రేసు కూడా 2009లో దీంట్లోనే కలిసింది. అందుకే ఎయిబార్ పైనున్న అర్రాతె కొండకు రేసుల్లో ఇంత పేరు.

ఆ కొండదారికే వెళ్లాం. పోలీసులు రోడ్డు మూసేస్తారు, నడవాల్సిందే, ఊళ్లోంచి దాదాపు గంటన్నర. టికెట్ లేదు, గేటు లేదు, వీఐపీ వరస లేదు. ఎక్కడ నచ్చితే అక్కడ నిలబడొచ్చు. వాలు గట్టిగా ఉన్నచోటే నిలబడండి. చదును రోడ్డు మీద అయితే పది సెకన్లలో అంతా దాటిపోతుంది, ఎక్కుడులో మాత్రం ఒక్కొక్కరి ముఖం, చెమట, ఊపిరి శబ్దం కూడా అందుతాయి. మా పక్కన మూడు తరాల కుటుంబం ఒకటి పొద్దుటినుంచీ బల్ల వేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి రొట్టెలో సాసేజి పెట్టి ఇచ్చారు. మా ఆవిడ మాంసం తినదని సైగలు చేస్తే ఇంటాయన గబగబా బుట్ట వెతికి బంగాళదుంప ఆమ్లెట్ పెద్ద ముక్క కోసిచ్చాడు. గుడ్డు తనకు ఫరవాలేదు. డబ్బులు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. హెలికాప్టర్ చప్పుడు వినపడగానే వాళ్ల తాతగారు లేచి టోపీ సర్దుకున్నారు. ముందున్నవాళ్లకు ఎంత కేకలు పెట్టారో, అందరికంటే చివర ఒంటరిగా వచ్చినవాడికి అంతకంటే ఎక్కువ పెట్టారు. “బావా, ఇలా ఎక్కడా చూళ్లేదు” అన్నాడు మా బావమరిది. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

తిరుగు దారిలో అస్తిగర్రాగా అనే ఊళ్లో సిడ్రా (పులియబెట్టిన ఆపిల్ పానీయం) పోసే భోజనశాలలో భోజనం, మనిషికి 46 యూరోలు. సిడ్రాను పీపాలోంచి ధారగా గ్లాసులోకి పట్టుకోవడం సరదాగానే ఉంది, కానీ భోజనమంతా కాడ్ చేప, ఎముకతో కాల్చిన గొడ్డుమాంసం. శాకాహారులకు మిగిలేది చీజ్, వాల్‌నట్లు, రొట్టె, డబ్బు మాత్రం పూర్తిగా కట్టాలి. మీలో ఎవరైనా మాంసం తినకపోతే అక్కడికి వెళ్లకండి. ఎయిబార్‌లోనే బార్లలో రెండు మూడు యూరోలకు పుట్టగొడుగుల పించోలు (బార్లలో అమ్మే చిరుతిళ్లు) దొరుకుతాయి, వాటితోనే కడుపు నిండుతుంది. ఏప్రిల్ కుదరనివాళ్లకు మేలో ఆడవాళ్ల ఇట్సులియా కూడా ఉంది, 2022లో మొదలైంది. మా ఆవిడ ఈసారి దానికే వెళ్దామంటోంది.